నిషేధం కన్న సంప్రదాయం

మన తెలుగు సినిమా ‘ఆర్.ఆర్.ఆర్.’ను 2024 జనవరిలో జపానులోని తకరజుకా నాటక సంస్థ రంగస్థలం మీది కెక్కించింది. భీముడూ రామరాజూ సహా అన్ని పాత్రలూ స్త్రీలే ధరించారు. మనవాళ్ళు పొంగిపోయారు. పొంగు చల్లారకముందే పాత పల్లవి అందుకున్నారు: జపానువారు సంప్రదాయాన్ని కాపాడుకున్నారట, మనం పోగొట్టుకున్నామట!

ఏ సంప్రదాయం? 1603 ప్రాంతంలో క్యోటోలో కబుకీకి నాంది పలికింది ఒకునీ అనే స్త్రీ. 1629లో షోగునుల ప్రభుత్వం నీతి పేరు చెప్పి స్త్రీలను రంగస్థలం నుంచి వెళ్ళగొట్టింది. కబుకీలో ఆడవేషమంతా మగవారి పాలు కావడం ఆ నిషేధం కన్న బిడ్డ. దానికే యిప్పుడు జాతి ఆత్మ అని పేరు. ఇక తకరజుకాను 1913లో స్థాపించింది కొబయాషి అనే రైలు కంపెనీ యజమాని. లైను చివరి ఊరికి ప్రయాణికులు కావాలి. అందుకు ఆడపిల్లల ఆటపాటలు. పెళ్ళాడిన నటి సంస్థ విడిచిపోవాలి. 2023లో అక్కడ ఒక యువనటి మరణించింది. మరుసటి మార్చిలో పైవారి వేధింపులు నిజమేనని యాజమాన్యం ఒప్పుకొని క్షమాపణ చెప్పింది. మన చప్పట్లలో యీ సంగతి ఎవరికి వినబడుతుంది?

అంతదూరం పోనేల? మన కోనసీమ కలావంతుల స్త్రీలు క్షేత్రయ్య పదాలు అభినయించారు, కలాపాలు ఆడారు. 1947 నాటి మద్రాసు చట్టం దేవదాసీ అంకితాన్ని రద్దు చేసింది. న్యాయమే, ఆ దురాచారాన్ని వెనకేసుకొచ్చేవాడు అభ్యుదయవాది కాడు. కాని చట్టం అంతటితో ఆగలేదు. గుడిలోనూ దేవుడి ఊరేగింపులోనూ స్త్రీ నర్తించడమే చెల్లదన్నది. మేజువాణీలు పెట్టించిన భూస్వాముల పరువుకు చెక్కు చెదరలేదు. ఆడిన మనిషికి మాత్రం విద్యా పోయింది, జీవికా పోయింది, ఫలానా వంశమని చెప్పుకునే ధైర్యమూ పోయింది.

సత్యభామ వేషానికి పేరుపడ్డ వేదాంతం సత్యనారాయణ శర్మగారికి 1970లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ప్రతిభను శంకించేవాణ్ణి కాను. అదే భామ కలావంతుల యింట ఎందుకు అపకీర్తి అయిందని అడుగుతున్నాను. మగవాడు కడితే శాస్త్రం, ఆడది కడితే భోగమా? ఎదో నగరపు లెక్కే గోదావరి ఒడ్డునా నడిచింది.

మేము కళాశాలల్లో క్షేత్రయ్యను శృంగారరసానికి ఉదాహరణగా పాఠం చెబుతాం, మార్కులు వేస్తాం. ఆ పదాలను తరతరాలుగా నోట నిలిపిన గొంతులకు మా పాఠ్యగ్రంథాల్లో ఒక్క పుట లేదు. ముమ్మిడివరంలో గొల్లకలాపం ఆడి, నేర్పిన అన్నాబత్తుల బులివెంకటరత్నమ్మగారి పేరు ఎం.ఏ. తెలుగు విద్యార్థుల్లో ఎందరికి తెలుసు?