ఆట బటన్‌కి ఆంపియర్లు కొలబద్ద కాదు

మాల్‌లోని గేమ్ జోన్‌లో బటన్ నొక్కినా తెర మీద బొమ్మ ఎగరకపోతే పిల్లలు మిషన్‌ని అనుమానించరు. తమకే ఆట రాదనుకుని ఇంకా గట్టిగా బాదుతారు. ఈ మిషన్లు రిపేరు చేసే నాకు అది చూస్తే బాధేస్తుంది. చాలాసార్లు లోపం ఆ చిన్న వేళ్లలో ఉండదు, బటన్ కింద బిగించిన మైక్రోస్విచ్‌లో ఉంటుంది.

అగ్గిపెట్టె కంటే చిన్నదైన ఈ స్విచ్‌కు 1932లో అమెరికాలో పీటర్ మెక్‌గాల్ రూపమిచ్చాడు. లోపల వంచి బిగించిన పల్చటి లోహపు రేకు ఉంటుంది. పైనున్న పిన్ను కాస్త దిగగానే ఆ రేకు టక్కున తిరిగి కాంటాక్టును తాకుతుంది. మెల్లగా నొక్కినా, వేగంగా నొక్కినా దాదాపు ఒకే చోట పడుతుంది. ఆటకు కావలసిన గుణం ఇదే.

కోఠి గుజరాతీ గల్లీ దుకాణాల్లో స్విచ్ అడిగితే ముందు చెప్పేది ఆంపియర్లే. పదిహేను ఆంపియర్లది గట్టి సరుకని నమ్మి గేమ్ జోన్ల వాళ్లు డజన్ల లెక్కన కొంటారు. ఆ అంకె మోటార్లకు, హీటర్లకు ముఖ్యం. ఆట బటన్‌లో పారేది 5 వోల్టుల దగ్గర కొన్ని మిల్లీఆంపియర్లే. వెండి కాంటాక్టు మీద రాన్రాను నల్లటి పొర కడుతుంది. పెద్ద కరెంటైతే చిన్న నిప్పురవ్వతో ఆ పొరను కాల్చేసుకుంటుంది. మిల్లీఆంపియర్లకు అంత సత్తువ లేదు. అందుకే బటన్ ఒకసారి పడుతుంది, ఒకసారి పడదు. ఇలాంటి పనికి బంగారు పూత కాంటాక్టులున్న స్విచ్ నయం.

ఇక నొక్కుడు బరువు, అంటే స్విచ్ పడడానికి వేలు వేయాల్సిన బలం. 50 గ్రాముల స్విచ్, 150 గ్రాముల స్విచ్ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఆరేళ్ల పాప వేలికి మాత్రం తేడా తెలుస్తుంది. జాయ్‌స్టిక్‌లో ఈ తేడా మరీ ఇబ్బంది. పైకి, కిందికి, కుడికి, ఎడమకి ఒక్కో స్విచ్ ఉంటుంది. ఐమూలగా తోస్తే రెండు స్విచ్‌లు కలిసి పడాలి. చెడిన ఒక్కదాని చోట వేరే రకం పెడితే ఆ దిక్కు ముందుగానో ఆలస్యంగానో పలుకుతుంది. అమెరికన్ తరహా హ్యాప్ జాయ్‌స్టిక్‌లో స్విచ్‌లు విడివిడిగా ఊడతాయి. జపాన్ సాన్వా జేఎల్ఎఫ్‌లో నాలుగూ ఒకే బోర్డు మీద సోల్డర్ చేసి ఉంటాయి. ఏదైనా సరే, నాలుగూ ఒకే రకానివి ఉండాలన్నదే నా పట్టుదల.

పరీక్ష కష్టమేమీ కాదు. మిషన్ ఆపి, స్విచ్ కాళ్ల నుంచి తీగలు విప్పి, కామన్ కాలికీ ఎన్ఓ (నార్మల్లీ ఓపెన్) కాలికీ బీప్ మోడ్‌లో మల్టీమీటర్ పెట్టాలి. మెల్లగా నొక్కితే టిక్కుమన్న క్షణంలోనే బీప్ రావాలి, వేలు తీసేదాకా తెగకూడదు. తెగితే ఆ స్విచ్ పని అయిపోయినట్టే.

గేమ్ జోన్ల యజమానులు నెలకోసారైనా ఈ పరీక్ష చేయించాలి. అమ్మేవాళ్లు ఆంపియర్లతో పాటు నొక్కుడు బరువు, కాంటాక్టు లోహం పెట్టె మీద రాయాలి. పడని బటన్‌కి పోయిన ఆట డబ్బులు యజమానులు గేమ్ కార్డులో తిరిగి వేయాలి. తల్లిదండ్రులు మొహమాటపడకుండా అడగాలి. పిల్లల దగ్గర డబ్బు తీసుకున్నాక, వాళ్లు నొక్కిన ప్రతి నొక్కుకీ మిషన్ జవాబు చెప్పి తీరాలి.