షెడ్డులోకి రానియ్యం, పిన్ మాత్రం చెప్పేస్తాం



సొంత బావమరిది వచ్చినా మన పురుగుల షెడ్డు గడప దగ్గర చెప్పులు విప్పించి, చేతులు కడిగించి గానీ లోపలికి రానియ్యం. నాలుగో జ్వరం దాటిన పురుగుకు రోగం తగిలితే నెల కష్టం తిప్పలో పోసినట్టే అని మనకు తెలుసు. ఇంత జాగ్రత్తగా ఉండే మనమే, ఆ కష్టం డబ్బై ఖాతాలో పడ్డాక ఏం చేస్తున్నాం? పావగడ వచ్చి, ఏటీఎం దగ్గర నిలబడిన ముక్కూ మొహం తెలియని పిల్లోని చేతికి కార్డిచ్చి, "నాయనా, కొంచెం తీసియ్యప్పా" అని నాలుగంకెలూ గట్టిగా చెప్పేస్తున్నాం.

మాలో ఒకాయనకు ఇట్లే అయింది. ఆ పిల్లోడు అడిగినంత డబ్బు తీసిచ్చాడు, కార్డూ తిరిగిచ్చాడు. అయితే అది ఆయన కార్డు కాదు. అదే బ్యాంకుది, అదే రంగుది, వేరేవాళ్లది. తెలుసుకునేసరికి ఆ పంట గూళ్ల డబ్బు ఖాతాలో లేదు. దొంగ చేతికి తాళంచెవి ఇచ్చినట్టయింది.

పిన్ ఎవరికీ చెప్పొద్దని అందరూ అంటారు, ఎందుకో మాత్రం చెప్పరు. అది తెలిస్తేనే మనసుకు పడుతుంది. ఆ నాలుగంకెలు కార్డు మీద రాసి ఉండవు, బ్యాంకు మేనేజరుకు కూడా కనపడవు. మనం నొక్కగానే ఆ మీటల పెట్టెలోనే అవి ఎవరికీ అర్థం కాని గుర్తులుగా మారిపోయి, కార్డు ఇచ్చిన బ్యాంకుకు పోతాయి. అక్కడ ఒక మిషన్ సరిచూసి "అవును" లేదా "కాదు" అని మాత్రమే జవాబిస్తుంది. నొక్కింది రైతా, దొంగా అని దానికి తెలీదు. పిన్ సరిపోతే మనమే నొక్కినట్టు లెక్క. అంటే అది మన వేలిముద్రతో సమానం. ఖాళీ కాగితం మీద వేలిముద్ర వేసి ఎవరికైనా ఇస్తామా?

లండన్‌లో 1967 జూన్ 27న మొదటి క్యాష్ మిషన్ పెట్టించిన షెపర్డ్ బారన్ అనే ఆయన మన దేశంలో, షిల్లాంగ్‌లో పుట్టినవాడు. ముందు ఆరంకెలు అనుకున్నాడట. నాలుగు కంటే ఎక్కువ నాకు గుర్తుండవని భార్య అంటే నాలుగు చేశానని తర్వాత ఆయనే చెప్పాడు. నాలుగంకెలతో 10,000 పిన్‌లు వస్తాయి. మూడుసార్లు తప్పు నొక్కితే మామూలుగా కార్డు ఆగిపోతుంది కాబట్టి దొంగ ఊరికే ఊహించి కొట్టలేడు. కానీ 1234 పెట్టుకున్నా, పుట్టిన సంవత్సరం పెట్టుకున్నా మూడు ప్రయత్నాలే చాలు.

"కొడుక్కి కూడా చెప్పకూడదా?" అని కొందరు అడుగుతారు. ప్రశ్న న్యాయమైనదే. కానీ రూల్ ఎట్లుందో చూడండి. 2017 జూలై 6న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, మన తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా డబ్బు పోతే, సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు చెబితే నష్టం మన మీద పడదు. పిన్ మనమే చెప్పి పోగొట్టుకుంటే మాత్రం, బ్యాంకుకు తెలిపేదాకా పోయిందంతా మనదే.

ఇంకో మాట. ఆకు కోసేది, మేత వేసేది, రాత్రి లేచి చూసేది ఎక్కువగా ఆడవాళ్లే. గృహలక్ష్మి 2,000 పడేది కూడా వాళ్ల ఖాతాలోనే. కార్డు, పిన్ మాత్రం ఇంట్లో ఇంకొకరి జేబులో ఉంటాయి. ఖాతాలో ఎంత పడింది, ఎంత పోయింది అని అడిగితే ఆ తల్లికి తెలీదు. ఇది దొంగతనం కాకపోవచ్చు, న్యాయం మాత్రం కాదు.

అయితే తప్పంతా మనదే అంటే మేం ఒప్పుకోం. మనం మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది కన్నడ. మన పెద్దవాళ్లలో చాలామందికి రెండూ చదవరాదు. తెర మీద రాత చదవలేని మనిషి పక్కవాణ్ణి అడక్క ఏం చేస్తాడు? చూపు లేనివాళ్ల కోసం మాట్లాడే ఏటీఎంలు దేశంలో ఉన్నాయి. అట్లాంటిదే తెలుగులోనూ కన్నడలోనూ మాట్లాడేది పావగడలో పెట్టమని బ్యాంకులను అడగాలి. రైతుల చేత పిన్ నొక్కించి నేర్పడానికి నెలకొక్క రోజు మనిషిని కేటాయించమనీ అడగాలి. ఒక్కొక్కరుగా పోతే వినరు, గుంపుగా పోదాం.

అంతదాకా మన చేతిలో ఉన్నవి ఇవి. నొక్కరాకపోతే బ్యాంకులోకే పోయి విత్‌డ్రా ఫారం మీద వేలిముద్ర వేసి తీసుకోండి. కొడుకే తియ్యాలంటే ఖాతాను జాయింట్ చేయించి అతనికి వేరే కార్డు తీసుకోండి. నొక్కేటప్పుడు రెండో చెయ్యి అడ్డం పెట్టండి. ఫోన్‌లో ఎవరైనా "గూళ్ల అడ్వాన్స్ పంపుతున్నాం, పిన్ కొట్టండి" అంటే వెంటనే పెట్టేయండి. డబ్బు పంపడానికే పిన్ కావాలి, రావడానికి అక్కర్లేదు. పొరపాటు జరిగిపోతే సిగ్గుపడి దాచొద్దు. ముందు బ్యాంకుకు చెప్పి కార్డు ఆపించి, 1930కి ఫోన్ చేయండి.

ఈ పంట గూళ్లు శిరాకు పోతాయో రామనగరానికి పోతాయో మీ ఇష్టం. గూళ్లు మార్కెట్‌కు పోయేలోపు మాత్రం పాత పిన్ మార్చేయండి. కొత్తది మీకొక్కరికే తెలియాలి.