ప్రజలను అడిగారు సరే, ఏమని అడిగారు?

మన సమావేశాల్లో పన్నుల ప్రస్తావన రాగానే అదేదో ఆర్థికవేత్తల వ్యవహారమని పక్కన పెట్టేయడం మనకు అలవాటైపోయింది. హింస గురించి, ఆస్తిహక్కు గురించి, ఆరోగ్యం గురించి గంటల తరబడి చర్చిస్తాం. కానీ ఆశ్రయగృహానికీ, బడికీ, ఆసుపత్రికీ కావలసిన డబ్బు ఎవరి దగ్గర నుంచి వస్తుంది, ఎవరి దగ్గర నుంచి రాదు, ఆ నిర్ణయం ఎవరు చేస్తారు అన్న ప్రశ్న దగ్గరకొచ్చేసరికి ఆగిపోతాం. అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో 2009, 2010 సంవత్సరాల్లో జరిగిన ఒక తగాదా ఈ ప్రశ్నను తప్పించుకోలేనంత స్పష్టంగా మన ముందు పెడుతుంది. రాష్ట్ర అమ్మకం పన్ను పెంచాలా వద్దా అన్న సంగతిని ప్రజల ఓటుకు పంపాలా అన్నది ఆ తగాదా. విశేషమేమిటంటే అది ప్రధానంగా ఒకే పార్టీలోని సంప్రదాయవాదుల మధ్య నడిచింది. ప్రజలను నేరుగా అడగడం కంటే గొప్ప ప్రజాస్వామ్యం ఏముంటుంది అనుకునేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు కాబట్టి ఈ కథ మనకూ అవసరమే.

2008 ఆర్థిక సంక్షోభంలో అరిజోనా చాలా దెబ్బతిన్నది. ఇళ్ళ నిర్మాణం మీద, అమ్మకం పన్ను మీద ఎక్కువగా ఆధారపడిన రాష్ట్రం అది. ఇళ్ళ మార్కెట్ కూలగానే ఖజానా కూలింది. 2009 జనవరిలో డెమోక్రాటిక్ గవర్నర్ జానెట్ నెపాలిటానో ఒబామా మంత్రివర్గంలోకి వెళ్ళారు. అప్పట్లో అక్కడ లెఫ్టినెంట్ గవర్నర్ పదవి లేదు. అందువల్ల సెక్రటరీ ఆఫ్ స్టేట్‌గా ఉన్న రిపబ్లికన్ జాన్ బ్రూవర్ గవర్నర్ అయ్యారు. ఆమె ఉదారవాది ఏమీ కాదు, ఏళ్ళ తరబడి సంప్రదాయవాద రాజకీయాల్లో పెరిగిన మనిషి. అయినా 2009 మార్చిలో చట్టసభల ముందు నిలబడి, కోతలతో మాత్రమే లోటు పూడదనీ, తాత్కాలికంగా పన్ను పెంచక తప్పదనీ చెప్పారు. సొంత పార్టీ ఉలిక్కిపడింది.

ఎందుకు ఉలిక్కిపడిందో అర్థం కావాలంటే అక్కడి నియమం ఒకటి తెలియాలి. 1992లో ప్రజల ఓటుతోనే ఆమోదం పొందిన 108వ ప్రతిపాదన ప్రకారం చట్టసభలు ఏ పన్ను పెంచాలన్నా మూడింట రెండు వంతుల మెజారిటీ ఉండాలి. అంటే 30 మంది సెనేటర్లలో 20 మంది, 60 మంది ప్రతినిధుల్లో 40 మంది. పన్ను తగ్గించడానికి మాత్రం మామూలు మెజారిటీ చాలు. తలుపు లోపలికి సులువుగా తెరుచుకుంటుంది, బయటికి మాత్రం తెరుచుకోదు. ఇక మిగిలిన దారి ఒక్కటే. మామూలు మెజారిటీతో, అంటే సెనేట్‌లో 16 ఓట్లతో, దిగువ సభలో 31 ఓట్లతో, విషయాన్ని ప్రజల ఓటుకు పంపడం. సెనేట్‌లో రిపబ్లికన్లు 18 మంది. డెమోక్రాట్లు కలిసి రాకపోతే, వారిలో ముగ్గురు కాదంటే చాలు, బండి ఆగిపోతుంది. ఆగిపోయింది కూడా.

కాదన్నవాళ్ళ వాదన ఇది: పన్ను పెంచబోమని ఓటర్లకు రాతపూర్వకంగా ప్రమాణం చేశాం, పన్నును ఓటుకు పంపడం కూడా ఆ ప్రమాణాన్ని తప్పడమే, ప్రభుత్వం తన పరిమాణాన్ని తగ్గించుకోవాలి తప్ప జనం జేబులవైపు చూడకూడదు. ఔనన్నవాళ్ళ వాదన: మేము పన్ను వేయడం లేదు, ప్రజలను అడుగుతున్నాం, అంతే, అడగడానికి భయం దేనికి? రెండు వాదాల్లోనూ కొంత కపటం ఉంది. ప్రజలను నమ్ముతామని నిత్యం చెప్పే మొదటి పక్షం ప్రజలు ఏమంటారోనని భయపడింది. రెండో పక్షం నిర్ణయభారాన్ని తమ భుజాల మీద నుంచి దించి ఓటర్ల భుజాలకెత్తింది. 2009 వేసవి అంతా ప్రత్యేక సమావేశాలు, బేరసారాలు. అమ్మకం పన్నును ఓటుకు పంపడానికి ఒప్పుకోవాలంటే దానికి ప్రతిగా ఆదాయపు పన్ను, కంపెనీల పన్ను తగ్గించాలన్నది ఆ బేరంలో ఒక షరతు. 2009 జూన్‌లో బడ్జెట్ బిల్లులు తన బల్ల మీదికి పంపడం లేదని గవర్నర్ తన పార్టీ చేతిలో ఉన్న చట్టసభల మీదే రాష్ట్ర సుప్రీంకోర్టుకు వెళ్ళవలసి వచ్చింది. 2010 జనవరిలో ప్రభుత్వం తన సొంత భవనాలను, సభలు కూర్చునే భవనాలతో సహా, 73.5 కోట్ల డాలర్లకు అమ్మి, మళ్ళీ వాటిలోనే అద్దెకు దిగింది. చివరికి 2010 ఫిబ్రవరిలో ప్రతిపాదన సభల గడప దాటింది. మే 18న 100వ ప్రతిపాదన పేరుతో ఓటింగు జరిగింది. మూడేళ్ళపాటు అమ్మకం పన్ను 5.6 శాతం నుంచి 6.6 శాతానికి పెరగడానికి సుమారు 64 శాతం మంది ఒప్పుకున్నారు. వచ్చే డబ్బులో మూడింట రెండు వంతులు చదువుకు, మిగిలినది ఆరోగ్య, సంక్షేమ, ప్రజాభద్రతలకు.

ఈ తగాదా సాగినంత కాలం ఎవరి బతుకులు ఆగిపోయాయి? 2009 ఫిబ్రవరి నుంచే, పనికి వెళ్ళే పేద తల్లుల పిల్లల సంరక్షణకు ఇచ్చే సహాయం కోసం కొత్తగా అడిగినవాళ్ళను వెయిటింగ్ లిస్టులో పెట్టారు. పిల్లల ఆరోగ్య బీమా పథకం కిడ్స్‌కేర్‌లో కొత్త చేరికలు 2010 జనవరిలో ఆపేశారు. 2016 వరకు ఆ తలుపు తెరుచుకోలేదు. పూర్తిరోజు కిండర్‌గార్టెన్‌కు రాష్ట్రం ఇచ్చే నిధులు 2010లోనే ఎత్తేశారు. సగం రోజుకే బడి ముగిస్తే మిగిలిన సగం రోజు పిల్లవాడిని చూసేదెవరు? బడ్జెట్ పుస్తకంలో మిగులుగా కనిపించే ఆ అంకె ఒక ఇంట్లో తల్లి వదులుకున్న జీతం, మరో ఇంట్లో అమ్మమ్మ తలకెత్తుకున్న పని. కోత అంటే ఖర్చు మాయమవడం కాదని, అది ప్రభుత్వ ఖాతా నుంచి ఆడవాళ్ళ జీతం లేని పనిలోకి బదిలీ కావడమని మనం ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

అందుకే ఉపాధ్యాయ సంఘం ఆ పన్నుకు అనుకూలంగా ప్రచారం చేసింది. ఆ ఉపాధ్యాయుల్లో ఎక్కువమంది స్త్రీలే. ఓటు ఓడిపోతే అమలయ్యే కోతల జాబితాను చట్టసభలు ముందే సిద్ధం చేసి పెట్టాయి. ఆ పరిస్థితిలో నేను అక్కడి ఓటరునైతే ఔననే ఓటు వేసేదాన్ని. కానీ ఔననడానికీ ఆ ప్రశ్నను ఆమోదించడానికీ తేడా ఉంది. మెడ మీద కత్తి పెట్టి అడిగిన ప్రశ్నకు వచ్చే జవాబును ప్రజాభిప్రాయం అనడం కష్టం.

ఇంతకీ ఆ ప్రశ్నలో ఏముంది? అమ్మకం పన్ను అందరికీ ఒకే రేటు. చూడటానికి సమానమే. కానీ వచ్చిన జీతమంతా నెల తిరిగేలోగా ఖర్చయిపోయే ఒంటరి తల్లి ఆదాయంలో ఆ పన్ను వాటా ఎంతో, ఆదాయంలో సగం దాచుకోగలిగినవాడి ఆదాయంలో దాని వాటా ఎంతో లెక్క వేస్తే ఆ సమానత్వం బండారం బయటపడుతుంది. ఇంటికి కొనుక్కునే తిండి సామాను మీద అరిజోనా రాష్ట్రం పన్ను వేయదు, ఆ మేరకు మేలు. కానీ పిల్లల డయపర్లు, శానిటరీ నాప్‌కిన్లు, బట్టలు, సబ్బులు, బడి సామాను అన్నింటి మీదా పన్ను ఉంది. ఇవన్నీ కొనేది ఎక్కువగా ఇల్లు నడిపే స్త్రీ. ఉన్నవాళ్ళు ఎక్కువగా వాడుకునే లాయర్లు, అకౌంటెంట్లు, పెట్టుబడి సలహాదారుల సేవల మీద ఆ పన్ను లేదు. సేవల మీద ఇక ముందు కూడా కొత్తగా పన్ను వేయకుండా 2018లో 126వ ప్రతిపాదన ద్వారా రాజ్యాంగంలోనే రాసుకున్నారు.

పన్ను కట్టేవాళ్ళందరికీ ఓటు లేదన్నది మరో సంగతి. 2010 ఏప్రిల్ 23న, అంటే ఈ ఓటింగుకు నెల కూడా లేదనగా, పత్రాలు లేని వలస జనాన్ని వేటాడే ఎస్.బి. 1070 చట్టం మీద ఇదే గవర్నర్ సంతకం చేశారు. ఇళ్ళలో, హోటళ్ళలో గదులు శుభ్రం చేసే మెక్సికన్ స్త్రీని దుకాణంలో పత్రాలు అడిగి పన్ను వసూలు చేయరు. ఆమె కూడా ప్రతి వస్తువు మీద ఆ అదనపు సెంటు కడుతుంది. కానీ 2006లో ఇదే పద్ధతిలో చట్టసభలు ఓటుకు పంపి గెలిపించుకున్న 300వ ప్రతిపాదన ప్రకారం పత్రాలు లేనివారికి పిల్లల సంరక్షణ సహాయం లేదు, వయోజన విద్య తరగతులు లేవు. ఆమె డబ్బు కావాలి, ఆమె మాట అక్కర్లేదు.

ఓటింగు తర్వాత ఏం జరిగిందో చూస్తే తగాదాలో ఇరుపక్షాలూ ఎక్కడ ఏకమయ్యాయో తెలుస్తుంది. 2011 ఫిబ్రవరిలో, అంటే ప్రజలు తమ మీద పన్ను వేసుకుని తొమ్మిది నెలలు తిరిగేసరికి, కంపెనీల ఆదాయపు పన్నును 6.968 శాతం నుంచి విడతలవారీగా 4.9 శాతానికి తగ్గించే చట్టం వచ్చింది. దాన్ని ప్రజల ఓటుకు పంపాలని ఆ సభల్ని నడిపే సంప్రదాయవాదులు అనుకోలేదు. పంపవలసిన అవసరమూ లేదు, తగ్గించడానికి మామూలు మెజారిటీ చాలు కదా! 2012లో అమ్మకం పన్ను పెంపును శాశ్వతం చేయాలని వచ్చిన 204వ ప్రతిపాదనను బ్రూవర్ వ్యతిరేకించారు, అది ఓడిపోయింది. 2013 మే 31తో ఆ పన్ను గడువు తీరింది. కంపెనీలకు ఇచ్చిన తగ్గింపుకు మాత్రం గడువు లేదు.

మరో మలుపు కూడా ఉంది. 2018 వసంతంలో వేలాదిమంది ఉపాధ్యాయులు ఎర్ర చొక్కాలు తొడుక్కుని సమ్మెకు దిగారు. ఆ తర్వాత వాళ్ళు, వాళ్ళతోపాటు తల్లిదండ్రులు, ఒక కొత్త ప్రశ్నను తామే తయారు చేసి ఓటుకు పెట్టాలనుకున్నారు: బాగా ఉన్నవాళ్ళ ఆదాయం మీద అదనపు పన్ను వేసి చదువుకు ఇద్దామా? 2018లో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని బ్యాలెట్ నుంచి తీసేసింది. 2020లో 208వ ప్రతిపాదనగా మళ్ళీ తెచ్చారు. ఒక్కరైతే 2,50,000 డాలర్లు, దంపతులైతే 5,00,000 డాలర్లు దాటిన ఆదాయం మీద 3.5 శాతం. దాదాపు 52 శాతం ఓట్లతో గెలిచింది. వెంటనే చట్టసభల నాయకులే దాని మీద కోర్టుకెక్కారు. 2022 మార్చిలో కోర్టు దాన్ని కొట్టేసింది. ఈలోగా 2021లో అందరికీ 2.5 శాతం ఒకే ఆదాయపు పన్ను తెచ్చే చట్టం చేశారు. అంతటితో ఆగలేదు. ప్రజలు సంతకాలు సేకరించి పెట్టే పన్ను ప్రతిపాదనకు ఇక మీదట 60 శాతం ఓట్లు రావాలనే 132వ ప్రతిపాదనను 2022లో ఓటుకు పంపారు. అది గెలిచింది, 51 శాతం ఓట్లు కూడా రాకుండానే! ఇతరులకు అరవై కావాలనే నియమానికి యాభై ఒకటి కూడా అక్కర్లేకపోయింది.

కాబట్టి అమ్మకం పన్నును ప్రజల ఓటుకు పంపాలా అని సంప్రదాయవాదులు పడిన కొట్లాట ప్రజాస్వామ్యం గురించిన కొట్లాట కాదు. దుకాణంలో నిలబడ్డ స్త్రీ నుంచి ఇంకొక సెంటు తీసుకోవాలా, లేక ఆమె బిడ్డ బడిని మూసేయాలా అన్నంతవరకే వాళ్ళ మధ్య భేదం. ఉన్నవాళ్ళ ఆదాయాన్ని ఆ ప్రశ్నలోకి రానివ్వకూడదన్న దగ్గర భేదమే లేదు. ఎవరో ఆ ప్రశ్న అడిగితే అడిగే దారినే ఇరుకు చేశారు.

ఇదంతా మనకు కొత్త కాదు. సారా వద్దని 1992లో నెల్లూరు జిల్లా స్త్రీలు లేచినప్పుడు ప్రభుత్వం అడిగిన మొదటి ప్రశ్న ఆదాయం పోతే ఎలా అని. 1993లో సారా, 1995లో మొత్తం మద్యం నిషేధించారు. 1997లో ఆ నిషేధాన్ని సడలించినప్పుడు మళ్ళీ వినిపించింది ఖజానా మాటే. ఆ లోటును ఇంకెవరి దగ్గర నుంచి పూడ్చవచ్చు అన్న ప్రశ్న మాత్రం ఉద్యమంలోని స్త్రీలను ఎవరూ అడగలేదు. 2017 జూలైలో జీఎస్‌టీ వచ్చినప్పుడు శానిటరీ నాప్‌కిన్ల మీద 12 శాతం పన్ను వేశారు. ఏడాదిపాటు స్త్రీలు అన్నివైపుల నుంచీ గొడవ చేస్తే 2018 జూలైలో తీసేశారు. మన దగ్గర పన్నుల మీద ప్రజల ఓటింగు లేదు. కానీ అభిప్రాయ సేకరణలు, గ్రామసభ తీర్మానాలు, ప్రజాభిప్రాయ విచారణలు ఉన్నాయి. అక్కడ కూడా ప్రశ్న ముందే తయారై వస్తుంది, మనం చేతులెత్తడమే తరువాయి.

అంటే ప్రజలను అడగవద్దని కాదు. ఎవరైనా మనల్ని అడుగుతున్నామని వచ్చినప్పుడు మనమూ కొన్ని అడగాలి. ఈ ప్రశ్న ఎవరు రాశారు? ఏ ప్రశ్న రాయకుండా వదిలారు? ఔనంటే కట్టేది ఎవరు, కాదంటే పోగొట్టుకునేది ఎవరు? కట్టేవాళ్ళలో మాట చెప్పే హక్కు లేనివాళ్ళు ఎంతమంది? బడ్జెట్ రోజున మన సంఘాల్లో స్త్రీ శిశు సంక్షేమానికి ఎంత కేటాయించారని మాత్రమే చూస్తున్నాం. ఆ పక్కనే ఉండే రాబడి పేజీని కూడా తెరిచి, ఒక్కొక్క పద్దు ఎదుట అది ఎవరి ఇంటి నుంచి వచ్చిందో రాసుకుందాం. అరిజోనా ఉపాధ్యాయులు ఆ పేజీ చదివాకే తమ ప్రశ్న తామే రాసుకున్నారు. ఓడిపోయారు, నిజమే. కానీ వాళ్ళ ప్రశ్నను ఓడించడానికి కోర్టులు, చట్టాలు, రాజ్యాంగ సవరణలు ఇన్ని కావలసి వచ్చాయంటే, ఆ ప్రశ్న సరైనదేనని అర్థం.