పాత కొలతల చొక్కా

పోయిన నెల ఒక సాయంత్రం మా ఇంట్లో చిన్న యుద్ధం జరిగింది. అమ్మాయి ఇంజనీరింగు సీటుకోసం కాలేజీల పేర్లు వరసపెట్టి పంపడానికి ఆ రాత్రే గడువు. అంత జాబితా ఫోనులో పెడితే ఎక్కడ తారుమారవుతుందోనని దాని భయం. తీరా కంప్యూటరు తెరిస్తే వైఫై లేదు! రౌటరు దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. కంప్యూటరుకు తగిలించిన వైఫై డాంగిల్ మాత్రం ఉలకదు, పలకదు.

మాది లినక్స్ కంప్యూటరు. 1991లో ఫిన్లండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన ఆ లినక్స్‌ను మా ఇంటికి తెచ్చినవాడు మా రెండోవాడు. కనుక నేరస్థుడు వాడేనని విచారణ లేకుండానే తీర్పు చెప్పేశాను.

"ఏం కెలికావురా?"

"నేను ముట్టుకోలేదు, నాన్నా!"

"మరి దానంతటదే చెడిందా?" అని గద్దించాను. వాడు కళ్లనీళ్లు కుక్కుకుని డాబామీదికి వెళ్లిపోయాడు.

నేనే రంగంలోకి దిగాను. లినక్స్‌కు గుండెకాయ కెర్నెల్. ఒక్కొక్క పరికరంతో మాట్లాడటానికి దానికి ఒక్కొక్క మాడ్యూలు ఉంటుంది. చాలావరకు కెర్నెల్‌తోనే వస్తాయి. మా డాంగిల్‌ది అలా రాలేదు. అప్పట్లో అబ్బాయే విడిగా తయారుచేసి పెట్టాడు. "మోడ్‌ప్రోబ్" అని ఆజ్ఞ ఇచ్చి ఆ మాడ్యూలును పిలిచాను. "6.8 అరలో అది లేదు" అని జవాబు. వెదికితే 6.5 అరలో దొరికింది. ఏ అరలో ఉంటేనేం అనుకుని బలవంతాన ఎక్కించబోయాను. "ఇన్‌వాలిడ్ మాడ్యూల్ ఫార్మాట్" అని విసిరికొట్టింది.

అప్పటికి బుద్ధి వచ్చి "డీమెసేజ్" కొట్టాను. అది కెర్నెల్ రాసుకునే చిట్టా. చివరి పంక్తిలో ఉంది: ఈ మాడ్యూలు మీద 6.5 ముద్ర ఉంది, 6.8 ఉండాలి అని. అంటే కెర్నెలే మారిందన్నమాట! ఎవరు మార్చారు? రెండు రోజుల కిందట కాఫీ తాగుతూ, "అప్‌డేట్ చేయమంటారా?" అని అడిగితే సరేనని నొక్కిన వేలు నాదే. కొత్త కెర్నెల్ కంప్యూటరును ఆపి మళ్లీ వేసినప్పుడే అమలులోకి వస్తుంది. ఆ మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది.

డాబా ఎక్కి వాడికి ఉన్న సంగతి చెప్పాను. వాడు దిగివచ్చి, కంప్యూటరు మొదలయ్యేటప్పుడు వచ్చే పట్టికలో "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్" తెరిచి పాత కెర్నెల్‌ను ఎంచాడు. వైఫై లేచి కూర్చుంది. తొమ్మిదింటికల్లా అమ్మాయి జాబితా వెళ్లిపోయింది.

మర్నాడు తీరిగ్గా చెప్పాడు: "కెర్నెల్ లోపలి అమరిక ఒక వెర్షను నుంచి మరోదానికి మారవచ్చు నాన్నా. పాత కొలతల చొక్కా కొత్త ఒంటికి పట్టదు, మళ్లీ కుట్టాలి." కొలతల పుస్తకం వంటివి హెడర్స్. కొత్త కెర్నెల్‌కు సరిపడే హెడర్స్, మాడ్యూలు తాలూకు కొత్త సోర్సు దింపుకున్నాడు. డీకేఎంఎస్ అనే ఇంటి దర్జీని కూడా కుదిర్చాడు. డెల్ కంపెనీవారు 2003లో మొదలుపెట్టిన ఆ ఏర్పాటు, కెర్నెల్ మారినప్పుడల్లా మాడ్యూలును తనే మళ్లీ కుడుతుంది.

మరి రెండు మాటలు కూడా గుర్తుపెట్టుకోండి. "కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్" అంటే సెక్యూర్ బూట్ ఆ మాడ్యూలు సంతకాన్ని ఒప్పుకోలేదని. సంతకం చేసి, ఆ కీని కంప్యూటరులో నమోదు చేయించాలి. ఫర్మ్‌వేర్ దొరకలేదంటే మాడ్యూలు మంచిదే, పరికరంలోకి ఎక్కించవలసిన సరుకే లేదని.

యంత్రం మొదటి జవాబులోనే 6.8 అని చెప్పింది. చదవకుండా పిల్లవాణ్ణి తిట్టినవాణ్ణి నేను. ఇప్పుడు మా ఇంట్లో ఏది చెడినా ముందు చిట్టా చూస్తాం. కేకలు ఆ తరువాత. చిట్టా చూశాక కేకల అవసరం సాధారణంగా ఉండటం లేదు.