బాపట్ల దగ్గర దాటితే మనకేమి?

బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందన్న కబురు రాగానే జిల్లాలో ప్రతి టీకొట్టు దగ్గరా ఒకటే ప్రశ్న వినబడుతుంది. ''ఎక్కడ దాటుతుందట?'' నెల్లూరన్నా, బాపట్లన్నా, కాకినాడన్నా మనవాళ్ళు హమ్మయ్య అనుకుంటారు. బందరు అంటేనే గుండెల్లో రాయి పడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మళ్ళీ మే నెలలోనూ ఏటా జరిగే తంతే ఇది. అడగవలసిన ప్రశ్నే, సందేహం లేదు. అయితే దాని జవాబు వినగానే రేడియో కట్టేసి, ఫోను జేబులో పెట్టుకుని పనిలోకి పోవడం మాత్రం కృష్ణా జిల్లా వాసులకు తగదు. ఎందుకు తగదో 1977 చెప్పింది.

ఆ ఏడాది నవంబరు 19న వచ్చిన తుపాను కేంద్రం తీరం దాటింది చీరాల ప్రాంతంలో. ఉప్పెన వచ్చి పడింది దివిసీమ మీద. సముద్రం ఐదారు మీటర్ల ఎత్తున లేచి మైళ్ళ కొద్దీ లోపలికి చొచ్చుకు వచ్చింది. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతాల్లో ఊళ్ళకు ఊళ్ళు కొట్టుకుపోయాయి. సొర్లగొంది పేరు చెబితే నేటికీ పెద్దవాళ్ళ కళ్ళు చెమరుస్తాయి. అధికార లెక్కల ప్రకారమే మృతులు పదివేల మంది దాకా ఉన్నారు. ఆ లెక్క చాలా తక్కువని వాదించేవారు ఇప్పటికీ దివిలో కనిపిస్తారు.

చీరాలలో దాటినది దివిని ఎందుకు ముంచింది? మన వైపు తుపానుల్లో గాలి గడియారం ముల్లు తిరిగే దిక్కుకు ఎదురుగా సుడి తిరుగుతుంది. సముద్రానికి వీపు పెట్టి ఊరివైపు చూస్తూ నిలబడండి. తుపాను కేంద్రం మీకు ఎడమచేతి వైపున తీరం దాటుతుంటే, మీరున్న చోట గాలి సముద్రం మీదనుంచి నేల మీదికి తోస్తుంది. గాలితో పాటు నీటినీ తోస్తుంది. ఉప్పెన అంటే అదే. కేంద్రం మీకు కుడిచేతి వైపున దాటితే గాలి నేల మీదనుంచి సముద్రంలోకి పోతుంది, నీరు వెనక్కి తీస్తుంది. బాపట్ల, చీరాల, ఒంగోలు మనకు ఎడమచేతి వైపువే. కనుక ''బాపట్ల దగ్గర దాటుతుంది'' అన్న వార్త నాగాయలంక వాసికి ఊరట కలిగించే వార్త కానే కాదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్లకు దక్షిణంగా దాటింది. ఆనాడు సముద్రం 1977లో మాదిరిగా లేవకపోవడం మన అదృష్టం. 2025 అక్టోబరు 28 అర్ధరాత్రి వేళ మొంథా నరసాపురం దగ్గర్లో దాటింది. అంటే మనకు కుడివైపున.

ఇక రెండో సంగతి. ''బాపట్ల'' అని వాతావరణ శాఖ చెప్పినా అది బాపట్ల గడియార స్తంభం దగ్గరకే వస్తుందని కాదు. ఇవాళ ఉపగ్రహాలున్నాయి, బందరులోనే డాప్లర్ రాడార్ ఉంది, విశాఖపట్నంలో తుపాను హెచ్చరికల కేంద్రం 1974 నుంచీ పనిచేస్తోంది. అంచనాలు మన తండ్రుల కాలం నాటివాటితో పోల్చరానంత మెరుగుపడ్డాయి. ఆ మాట ఒప్పుకోవాలి. అయినా 24 గంటల ముందు చెప్పిన చోటుకూ, తుపాను కేంద్రం నిజంగా చేరే చోటుకూ సగటున 70, 80 కిలోమీటర్ల తేడా ఉంటూనే ఉంది. మూడు రోజుల ముందు చెప్పినదానికి ఆ తేడా సుమారు రెట్టింపు. బందరుకూ బాపట్లకూ మధ్య తిన్నగా కొలిస్తే దూరం ఎంతో తెలుసా? సుమారు 75 కిలోమీటర్లే. బాపట్ల అన్న మాట తప్పు కాకుండానే తుపాను బందరుకు రావచ్చునన్నమాట. పటం మీద గీసిన గీత చుట్టూ గరాటులా విచ్చుకుంటూ పోయే ఆ మసక ప్రాంతాన్ని టీవీల్లో చూసే ఉంటారు. ఆ గరాటులో మీ ఊరు ఉందా లేదా అన్నదే చూసుకోవాలి, గీత మీ ఊరి మీదుగా పోయిందా అని కాదు.

అంచనా అటు తప్పినట్లే ఇటూ తప్పుతుంది. 2013 నవంబరులో లెహర్ అతి తీవ్ర తుపానుగా వస్తోందని తీరమంతా అట్టుడికింది. 28న బందరు దగ్గర్లో దాటేసరికి ఉత్త వాయుగుండంగా నీరసించింది. శిబిరాల నుంచి ఇళ్ళకు తిరిగి వెళ్ళినవారు ''ఊరికే భయపెట్టారు'' అని విసుక్కున్నారు. ఆ విసుగు సహజమే. కాని దానికి ముందు 1990ని కూడా గుర్తు చేసుకోవాలి. ఆ ఏడు మే 9న కృష్ణానది ముఖద్వారం సమీపంలో దాటిన తుపాను 1977 నాటి దానికి బలంలో తీసిపోనిది. మృతుల సంఖ్య వెయ్యి లోపు. ముందుగా అందిన హెచ్చరికలు, లక్షన్నర మందిని తరలించడం వల్లే అంత తేడా వచ్చింది. ఒక్కరాత్రి శిబిరంలో పడుకుని మర్నాడు వాన కూడా పడని ఇంటికి రావడం నష్టం కింద జమకట్టవలసిన విషయం కాదు.

పేర్ల దగ్గరా పొరపాటు పడుతున్నాం. గంటకు 31 నుంచి 49 కిలోమీటర్ల గాలి ఉంటే వాయుగుండం. 50 నుంచి 61 దాకా తీవ్ర వాయుగుండం. 62 దాటితే తుపాను, 89 దాటితే తీవ్ర తుపాను, 118 దాటితే అతి తీవ్ర తుపాను. ఇవన్నీ గాలి వేగాన్ని బట్టి పెట్టిన పేర్లు. వాన ఎంత పడుతుందో ఈ పేర్లు చెప్పవు. 2024 సెప్టెంబరు 1 తెల్లవారుజామున కళింగపట్నం దగ్గర దాటినది కేవలం వాయుగుండం. ఎక్కడి కళింగపట్నం, ఎక్కడి విజయవాడ! అయినా బుడమేరు పొంగి విజయవాడలో సగం నీళ్ళలో మునిగింది. మర్నాడు ప్రకాశం బ్యారేజి నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు వచ్చింది. దిగువ లంకల్లో అరటి, పసుపు, కంద ఏమయ్యాయో రైతులను అడగాలి. మొంథా కూడా నరసాపురం దగ్గర దాటి, మర్నాడు ఎక్కడో వరంగల్లును ముంచింది. ''వాయుగుండమేగా'' అన్న మాట మన నోట రాకూడదు.

మరి వార్తను ఎలా అనుసరించాలి? తుపానుగా మారాక వాతావరణ శాఖ మూడు గంటలకొకసారి బులెటిన్ ఇస్తుంది. ఊళ్ళో చదువుకున్న కుర్రవాడు ఒక నోటు పుస్తకం పెట్టి ప్రతిసారీ నాలుగు ముక్కలు రాసుకుంటే చాలు. ఎన్ని గంటలకు, బందరుకు ఏ దిక్కున, ఎంత దూరంలో, గాలి ఎంత. ఉదాహరణకు పొద్దున 8.30కు 400 కిలోమీటర్ల దూరాన ఉన్నది మధ్యాహ్నం 2.30కు 340 దగ్గరకు వచ్చిందనుకోండి. ఆరు గంటల్లో 60, అంటే గంటకు 10. ఇదే నడక సాగితే 34 గంటలు, రేపు రాత్రి 12 దాటాక తీరానికి వస్తుంది. ఈదురుగాలి, వాన అంతకు చాలా ముందే అందుకుంటాయి. కనుక ముసలివాళ్ళను, బాలింతలను, పశువులను కదిలించడం రేపు పగటి వెలుగులోనే పూర్తి కావాలి. కూడికలు, తీసివేతలు వచ్చినవారెవరైనా వేయగలిగిన లెక్క ఇది. లెక్క తప్పవచ్చు, తుపాను మధ్యలో మందగించవచ్చు. మిచౌంగ్ తీరానికి సమాంతరంగా నెమ్మదిగా పైకి పాకుతూ వచ్చి మద్రాసును ముంచి, నెల్లూరును తడిపి, అప్పుడు దాటింది. అందుకే ప్రతి బులెటిన్‌కూ కొత్తగా లెక్క వేసుకోవాలి.

రేవుల్లో ఎగరవేసే నంబర్ల విషయం కూడా చెప్పుకోవాలి. మూడో నంబరు, ఐదో నంబరు, పదో నంబరు అని వింటూ, నంబరు పెరిగిన కొద్దీ గాలి పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. కొంతవరకే నిజం. అవి ఓడలకు ఇచ్చే గుర్తులు. ఐదు, ఆరు, ఏడు నంబర్లలో ప్రమాదం ఒకటే. తుపాను రేవుకు ఏ పక్కన దాటుతుందో చెప్పడానికి మూడు నంబర్లు పెట్టారు. ఎనిమిది, తొమ్మిది, పది కూడా అంతే, కాకపోతే మహా ప్రమాదం. పదకొండో నంబరు అంటే హెచ్చరికల కేంద్రంతో రేవుకు సంబంధాలు తెగిపోయాయని అర్థం. అది ఎగిరిందంటే ఇక ఎవరూ ఏమీ చెప్పలేరని.

మరో మాట. గాలి ఉన్నట్టుండి ఆగిపోతే తుపాను పోయిందని బయటికి రాకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కన్ను విశాఖ మీదుగా పోతున్నప్పుడు గాలి అలాగే ఆగింది. తరువాత అటునుంచి ఇటు తిరిగి కొట్టింది.

ఫోన్లలో తిరిగే వీడియోల సంగతి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. ఎప్పటివో, ఏ దేశానివో బొమ్మలు తెచ్చి ''ఇప్పుడే బందరులో'' అని పంపుతున్నారు. పత్రికలకూ ఇందులో వాటా లేకపోలేదు. ''రాకాసి తుపాను'' అని బండ అక్షరాలతో వేసి, అది ఎన్ని గంటలకు ఎక్కడ ఉందో చిన్న అక్షరాలతో లోపలి పేజీలో వేసిన సందర్భాలు మాకూ ఉన్నాయి.

వార్త తెలిసినంత మాత్రాన రైతు గట్టెక్కుతాడా అన్నది అసలు ప్రశ్న. మిచౌంగ్ కబురు నాలుగైదు రోజుల ముందే వచ్చింది. అప్పటికి డెల్టాలో సార్వా వరి కొంత చేలో, కొంత పనల మీద, కొంత కల్లంలో ఉంది. నాలుగు రోజులుంటే ఏదో ఒకటి చేయవచ్చుగదా అని పట్నంలో ఉన్నవారికి అనిపిస్తుంది. కోత యంత్రం ఒక్కసారే ఊరందరికీ కావలసి వస్తే ఎక్కడ దొరుకుతుంది? నూర్చిన ధాన్యంలో తేమ 17 శాతం మించితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. ఆరబెడదామంటే ఎండ లేదు. గోనెసంచి ఉంటే లారీ ఉండదు, లారీ వస్తే మిల్లు దగ్గర వరస. బరకాల అద్దె ఆ నాలుగు రోజుల్లోనే రెట్టింపవుతుంది. కౌలు రైతుకు పెట్టుకోవడానికి ఇల్లే చాలదు, ఇక ధాన్యం ఎక్కడ పెడతాడు?

హెచ్చరిక వచ్చిన పూటే కొనుగోలు నిబంధనలు సడలించి, ఉన్న ధాన్యాన్ని ఉన్న తేమతో దగ్గరి మిల్లుకు చేర్చే ఏర్పాటు జిల్లా యంత్రాంగం చేయాలి. సంచులు, బరకాలు అక్టోబరులోనే ప్రతి రైతు సేవా కేంద్రంలో ఉండాలి. తుపాను పోయాక పరిహారం కోసం పంట నష్టం రాసుకోవడానికి వచ్చే జీపుల కంటే, తుపానుకు ముందు ధాన్యం ఎత్తుకుపోవడానికి వచ్చే లారీలు ప్రభుత్వానికీ చవకే. రైతు చేతిలో ఉన్నదీ కొంత ఉంది. నూర్చి భద్రపరచే దారి లేకుంటే తొందరపడి కోయకూడదు. కోసి పనల మీద తడిసిన దానికంటే నిలబడి ఉన్న చేనే నయం, మురుగు కాలువ తెరిచి ఉంచితే చాలు. తడిసిన కంకులు మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పిచికారీ చేయమని వ్యవసాయ శాస్త్రవేత్తలు ఏనాటినుంచో చెబుతున్నారు.

తీరగ్రామాల్లో 1977 తరువాత కట్టిన తుపాను రక్షిత భవనాల్లో కొన్ని పాడుబడ్డాయి, కొన్నిట్లో బడి నడుస్తోంది, కొన్నిట్లో ఎవరివో సామాన్లు ఉన్నాయి. అర్ధరాత్రి గాలిలో పిల్లలతో పరుగెత్తుకు వెళ్ళినవారికి అక్కడ తాళం కనబడితే ఏం చేస్తారు? ప్రతి భవనానికీ తాళంచెవి ఏ ఇద్దరి దగ్గర ఉందో, వారి పేర్లు, ఫోన్ నంబర్లు ఆ భవనం గోడ మీదా, గ్రామ సచివాలయం గోడ మీదా రంగుతో రాయించమని కలెక్టరును కోరుతున్నాం. కరెంటు పోయాక ఫోన్లు ఒక్కొక్కటే మూగబోతాయి గనుక, ఆ ఇద్దరి ఇళ్ళూ ఊళ్ళో ఎక్కడున్నాయో కూడా రాయించాలి.