కబాడీ మాల్ అని తీసిపారేయకండి

మా ఖాలా కొడుకు ఒక చిన్న కమ్యూనిటీ రేడియోలో వలంటీరు. మొన్న ఫోన్ చేశాడు. "భాయ్, ఒక ఫంక్షన్ హాల్ వాళ్లు పాత మిక్సర్ అమ్మేస్తున్నారు. పన్నెండు చానళ్లది. రేడియోకి తీసుకుందామా?" కమిటీ బుజుర్గులేమో "కబాడీ మాల్ మనకెందుకు, చందాలేసి కొత్తది కొందాం" అంటున్నారట. నా రాయ్ అడిగాడు. తీసుకోమన్నాను.

జహీరాబాద్ దగ్గర మాచనూరులో సంగం రేడియో ఉంది. 2008 అక్టోబరు 15న మొదలైంది. నడిపేది పల్లెలోని దళిత మహిళలు. ఇలాంటి రేడియోలకు అసలు దౌలత్ మనుషులే. పైసలు వాళ్ల రాకపోకలకు, కరెంటు బిల్లుకు పోవాలి గానీ మెరిసే డబ్బాకు కాదు.

కొంచెం హిసాబ్ చూడండి. చిన్న స్టూడియోలో రెండు మైకులు, ఒక కంప్యూటర్, ఒక ఫోన్ లైను. నాలుగైదు చానళ్లు చాలు. అంటే పన్నెండిటిలో సగం పాడైనా పని ఆగదు, పైగా వాడని చానళ్ల ఫేడర్లే స్పేర్లుగా పనికొస్తాయి.

పాత మిక్సర్‌కు వచ్చే బీమారీలు కూడా తెలిసినవే. ఫేడర్ జరిపితే చరచర అంటే చాలాసార్లు దుమ్మే. దానికి ఫేడర్ల కోసం చేసిన క్లీనరే కొట్టాలి. కుట్టుమిషను నూనె పోసి ఖరాబ్ చేసిన మహానుభావులను చూశాను. సన్నగా హమ్మ్ అని వినిపిస్తుంటే పవర్ సప్లైలో కెపాసిటర్లు ఎండిపోయాయేమో చూడాలి. అదే విలువ, అంతే వోల్టేజీ లేదా కొంచెం ఎక్కువది, ప్లస్ మైనస్ చూసి వేయాలి. కోఠీ గుజరాతీ గల్లీలో ఇలాంటి సామాను దొరుకుతుంది. ప్లగ్గు పీకేసినా కెపాసిటర్లలో కరెంటు మిగిలి ఉంటుంది, జల్దీ పడి చేయి పెట్టొద్దు.

అన్నీ కొనమని కాదు. నీళ్లలో తడిసినది, కాలిన వాసన వచ్చేది వదిలేయాలి. పాత డిజిటల్ మిక్సర్ జోలికైతే అసలే పోవద్దు. దాని లోపలి చిప్పు పోతే ఏ ఉస్తాదూ ఏం చేయలేడు.

కమిటీ ఫికర్ నిజానికి పైసల గురించి కాదు, ఇజ్జత్ గురించి. పాత సామానుతో నడిపితే నలుగురూ ఏమంటారోనని. వినేవాళ్లకు మిక్సర్ కనపడదు కదా జనాబ్! ఒకప్పుడు మన మొహల్లాల్లో రేడియో, టేప్‌రికార్డర్ బాగుచేసే దుకాణాలు ఎన్ని ఉండేవి! మా మామూది కూడా మూతపడింది. ఆ హునర్ ఇంట్లో పిల్లలకు నేర్పకుండా మనమే కొత్తది కొను, పారేయి అంటున్నాం.

తమాషా ఏమిటంటే, వాడి చెల్లెలు ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదువుతోంది. సోల్డరింగు శుభ్రంగా చేస్తుంది. ఇంతవరకు ఆ అమ్మాయిని ఒక్కరూ అడగలేదు! ముందు తనను తీసుకెళ్లరా అన్నాను. హెడ్‌ఫోన్ పెట్టి ఒక్కో చానల్ వినాలి, మైకు సాకెట్ల దగ్గర 48 వోల్టులు వస్తున్నాయో కొలవాలి, ఆ తర్వాతే బేరం.

శనివారం ఇద్దరూ వెళ్తున్నారు. మీటర్ నాదే ఇచ్చాను.