కొత్త పంచాయతీ కార్యదర్శులకు తోడ్పాటు విషయమై తీర్మానం

మండల పంచాయతీ కార్యదర్శుల సంఘం సర్వసభ్య సమావేశం, అజెండా 3వ అంశం.

తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018లో వచ్చాక 9,355 జూనియర్ కార్యదర్శి పోస్టులకు నోటిఫికేషన్ పడింది. మాలో చాలామందిమి ఆ బ్యాచే. మొదటి రోజు చేతిలో నియామక పత్రం, ఎదుట తాళం వేసిన బీరువా, ఆ తాళం ఎవరి దగ్గరుందో చెప్పే దిక్కులేని స్థితి మాకు తెలుసు. ఇప్పుడు చేరుతున్నవారిదీ అదే పరిస్థితి. పొద్దున పారిశుధ్యం ఫోటోలు యాప్‌లో పెట్టాలి. నర్సరీ, ఇంటి పన్ను, రెండు నెలలకోసారి గ్రామసభ ఎలాగూ ఉన్నాయి. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని చట్టమే అంటోంది. వీటిలో ఏది తను స్వయంగా చేయాలో, ఏది చేయించాలో, దేనికి ఎవరి అనుమతి కావాలో కొత్తవారికి విడమరిచి చెప్పినవారు లేరు.

దీని ఖరీదు ఊరు కడుతోంది. మా మండలంలోనే ఒక పంచాయతీలో భర్త చనిపోయిన 24వ రోజున ఒకావిడ మరణ నమోదుకు వచ్చింది. 21 రోజులు దాటితే ఏం చేయాలో చేరి పది రోజులైన కార్యదర్శికి తెలియదు. మండల ఆఫీసుకు ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నామన్నారు. రెండోసారి చేయడానికి మొహమాటపడి, "వచ్చే వారం రా అమ్మా" అని పంపించాడు. 30 రోజుల్లోపైతే ఆలస్య రుసుము కట్టించుకుని తనే రాసేయవచ్చు. ఆవిడ మళ్లీ వచ్చేసరికి 31వ రోజు. ఇక పై అధికారి రాతపూర్వక అనుమతి కావాల్సివచ్చింది. తప్పు ఆ కుర్రవాడొక్కడిదే అని ఈ సమావేశం భావించడం లేదు.

కావున, కొత్తగా చేరిన ప్రతి కార్యదర్శికి పక్క పంచాయతీ సీనియర్ ఒకరు మూడు నెలలపాటు జోడీగా ఉండాలని, వారానికి ఒక పూట ఆ పంచాయతీ ఆఫీసులోనే కూర్చుని పని చూపాలని తీర్మానించడమైనది. ఫోన్లో చెప్పడం దీని కింద లెక్కకు రాదు.

క్యాష్ బుక్, డిమాండ్ రిజిస్టర్, తీర్మానాల పుస్తకం, జనన మరణాల రిజిస్టర్, ట్రాక్టర్ లాగ్ బుక్ ఒక్కొక్కటి తెరిచి చూసుకోకుండా చార్జి కాగితంపై ఎవరూ సంతకం పెట్టవద్దని కూడా తీర్మానించడమైనది. ఖాళీ పేజీలపై పాత సంతకాలు కనబడితే అక్కడికక్కడే రాసి పెట్టాలి.

వాట్సాప్‌లో నాలుగు వైపుల నుంచి నాలుగు ఆదేశాలు వస్తున్నందున, ఏ పనికి ఎవరికి జవాబుదారీయో ఒక పేజీలో రాసివ్వాలని ఎంపీడీవో గారిని కోరడమైనది.

మొదటి ఆరు నెలల్లో సందేహం అడిగినందుకు మెమో ఇవ్వరాదన్న ప్రతిపాదనపై వాదన జరిగింది. "మాకెవరు నేర్పారు? దెబ్బలు తిని నేర్చుకున్నాం" అని ఒక సీనియర్ సభ్యులు అభ్యంతరం చెప్పారు. ఆ దెబ్బల్లో సగం ఊరివాళ్లకే తగిలాయని గతేడాది చేరిన సభ్యురాలు బదులిచ్చారు. రాసి చెప్పాక కూడా అదే తప్పు మళ్లీ చేస్తే ఈ రక్షణ వర్తించదన్న సవరణతో ప్రతిపాదన మెజారిటీతో ఆమోదించడమైనది. సదరు సీనియర్ అసమ్మతిని మినిట్స్‌లో నమోదు చేయడమైనది. అయితే జోడీల జాబితాలో మొదటి పేరు తనదే రాయమని వారే కోరారు.

ఈ తీర్మానం ప్రతులు ఎంపీడీవో, మండల పంచాయతీ అధికారి గార్లకు పంపాలని కార్యవర్గాన్ని ఆదేశించడమైనది.